పదకొండూ ఇరవైకి మారే ఫేజు

పోయిన వారం కల్యాణిని తొర్రూరులో, ఖాదర్ ఇంటి గడప ముందు, తలవంచుకుని చెప్పులు వేసుకుంటుండగా వదిలిపెట్టాం. "రేపు గూడ తెగితె నీ డబ్బలు నువ్వు తీస్కపో బిడ్డా. నా బిడ్డకు నేనే ఏదన్న చూస్త" అని ఖాదర్ వెనక నుంచి అన్నాడు. 

సంగతి తెలియనివారికి నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. ఖాదర్ లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఆయన కూతురు ఆలియాకు హైదరాబాద్ కంపెనీ ఒకటి ఇంట్లో కూర్చుని చేసే పని ఇచ్చింది. డాక్టర్లు మాట్లాడి పంపిన రోగుల వివరాలను వింటూ టైపు చెయ్యాలి. తలుపు వేసుకుని ఒంటరిగా చెయ్యాలన్నది కంపెనీ నియమం. ముందు గది ఎప్పుడూ ఖాదర్ కోసం వచ్చిపోయేవాళ్లతో నిండి ఉంటుంది. వెనక గది ఖాళీయే కానీ, మధ్యలో రెండడుగుల మందం రాతి గోడలు రెండున్నాయి. ముందు గదిలోని వైఫై వాటిని దాటలేదు. అందుకని కల్యాణి ఒక జత పెట్టెలు తెచ్చింది. అరచేతిలో పట్టేంత పెట్టెలు. ఒకటి ముందు గది సాకెట్లో, ఇంకొకటి వెనక గది సాకెట్లో పెడితే, గోడల్లో ఎప్పుడో వేసిన కరెంటు తీగ మీదుగానే ఇంటర్నెట్ నడుస్తుంది. కొత్త తీగ గుంజనక్కర్లేదు. రాతి గోడకు తూట్లు పొడవనక్కర్లేదు.

పని చేసింది కూడా. అయితే కంపెనీ నాలుగు రోజుల పరీక్ష పెట్టింది. ఆ నాలుగు రోజుల్లో లైను మూడుసార్లు తెగితే ఉద్యోగం లేదు. బుధవారం తెగింది. శుక్రవారం తెగింది. రెండు రోజులూ సాయంత్రం దానంతట అదే తిరిగి వస్తే, ఆలియా మిగిలిన పని అప్పుడు పూర్తి చేసింది. ఇవాళ శనివారం, ఆఖరి రోజు. తొమ్మిది నుంచి రెండు గంటల దాకా డ్యూటీ. ఇంకొక్కసారి తెగితే అంతే.

కల్యాణి తొమ్మిది కొట్టకముందే వచ్చింది. నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టి, జనగామలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, తొర్రూరు బస్టాండు వెనక చిన్న షాపు పెట్టుకున్న పిల్ల. తండా నుంచి డిప్లొమా దాకా వెళ్లిన మొదటి ఆడపిల్ల. నిన్న తలవంచుకుని వెళ్లింది, నిజమే. ఇవాళ మాత్రం తల ఎత్తే వచ్చింది.

"పొద్దుగాలనే వచ్చినవేంది? ఇంక తెగనే లేదు గద" అన్నాడు ఖాదర్. ఆయన ముందు గదిలో కరెంటు బోర్డు కింద, తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"తెగేటప్పుడు ఈడ ఉందామని వచ్చిన చాచా."

"అంటె తెగుతదని నువ్వే ఒప్పుకుంటున్నవ్."

"పదకొండూ ఇరవైకి తెగుతది. అంతకు ముందు తెగదు."

ఖాదర్ నవ్వాడు. "నీ డబ్బ గడియారం గూడ చూస్తదా?"

"డబ్బ చూడదు చాచా. మనుషులే చూస్తరు."

ఆ మాట ఆమె నోటికి ఊరికే రాలేదు. నిన్న ఇంటికి పోయాక ఒక కాగితం మీద రాసుకుంది. బుధవారం పదకొండూ ఇరవై. గురువారం ఏమీ లేదు. శుక్రవారం పదకొండూ ఇరవై. పెట్టె చెడిపోతే ఇంత లెక్కగా చెడిపోదు. ఇవాళ వస్తూ వస్తూ, ఈ ఇంటి వెనక వెల్డింగ్ దుకాణం నడిపే దయాకర్ దగ్గర ఆగింది. "గురువారం దుకాణం తెరిచినవా అన్నా?" అని అడిగింది. ఇనుము కోసం జనగామ పోయానని, ఆ రోజు మిషన్ ముట్టలేదని, మామూలుగా పదకొండు దాటాకే వెల్డింగ్ మొదలుపెడతానని అతను చెప్పాడు. సగం చిక్కు అక్కడే విడిపోయింది. మిగతా సగం ఈ బోర్డు మీద ఉందని ఆమె నమ్మకం.

బోర్డుకు పూల గుడ్డ తెర వేలాడుతోంది. అంచు పక్కన ఓల్టు మీటరు ఎర్ర అంకెలు రెండు వందల ఇరవై ఆరు చూపిస్తున్నాయి.

"చాచా, డబ్బలు పెట్టిన నాడు మీటరు ఒక్కటేనా అని అడిగిన. ఒక్కటే అన్నరు. ఇవ్వాళ ఇంకోటి అడుగుత. ఇంటికి ఫేజులు ఎన్ని?"

"మూడు. లైన్‌మన్ ఇంట్ల ఒక్క ఫేజు ఉంటదా?" ఖాదర్ కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు. "ముందు సగానికి ఒక స్విచ్చు, వెనక సగానికి ఒక స్విచ్చు. ఏ ఫేజుల ఓల్టేజి మంచిగుంటె గా ఫేజు మీదికి తిప్పుడే. ముప్పై ఏండ్ల సంది ఈ ఇంట్ల ఒక్క కరెంటు బుగ్గ కాలలే. ఫ్రిజ్జు కాలలే. వాడకట్టుల ఎవల్నన్న అడుగు."

వీధిలోకి కరెంటు మూడు తీగల మీద వస్తుంది. ఒక్కో తీగ ఒక్కో ఫేజు. ఒకదాని మీద బరువు పెరిగి ఓల్టేజి పడిపోతే, మన ఊళ్లలో తెలిసినవాళ్లు ఇంటిని ఇంకో తీగ మీదికి మార్చుకుంటారు. అది తప్పు కాదు, మన దగ్గర అదొక తెలివి. కల్యాణి చదువుకున్న పుస్తకంలో లేదు కాబట్టి ఆమెకు అడగాలని తోచలేదు. అది ఆమె తప్పే.

"బుధవారం మార్చినరా చాచా?"

"లేదు."

"నిన్న?"

"నేను ముట్టనే లేదంటున్న గద."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. కల్యాణి ఎదురుగా బల్ల మీద కూర్చుంది. వెనక గది తలుపు వేసి ఉంది. లోపల ఆలియా పని చేసుకుంటోంది. ఖాదర్ తన ఉద్యోగం నాటి సంగతులు చెప్పసాగాడు. భూపాలపల్లి అడవిలో తెగిన తీగ కోసం వానలో రెండు రోజులు నడిచిన కథ మొదలైంది. మంచి కథే. కానీ కల్యాణి చూపు ఎర్ర అంకెల మీదే ఉంది.

పదకొండూ పద్దెనిమిదికి వెనక వీధిలో చర్రుమంది. అంకెలు రెండు వందల పదికి దిగాయి. ట్యూబులైటు ఒకసారి రెప్ప వేసింది. వెనక సగంలో ఉన్న వంటింట్లో ఫ్రిజ్జు మూలిగింది.

"గప్పుడు మా ఏఈ సారు ఏమన్నడంటె, ఖాదర్, నువ్వు లేకుంటె" అంటూనే ఉన్నాడు ఖాదర్. మాట ఆగలేదు. కళ్లు కల్యాణి మీదే ఉన్నాయి. కుడి చెయ్యి మాత్రం తనంతట తాను లేచి, తల మీదుగా వెనక్కి పోయి, తెర కింద దూరింది.

కల్యాణి ఒక్క అంగలో వెళ్లి ఆ మణికట్టు పట్టుకుంది.

చాయ్ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన ఖాదర్ భార్య రషీదా బేగం అక్కడే ఆగిపోయింది. ఈ ఇంట్లో ఖాదర్ చెయ్యి పట్టుకుని ఆపినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.

"చెయ్యి ఇడువు" అన్నాడు ఖాదర్, మెల్లగా.

"ఇడువను చాచా. మీరు తిప్పితె ఆలియా నౌకరి పోతది."

"నేనేం తిప్పిన?"

"మీ చెయ్యి ఏడున్నదో జర చూడుండ్రి."

ఖాదర్ తలెత్తి చూశాడు. ఆయన వేళ్లు వెనక సగం స్విచ్చు మీద ఉన్నాయి. పావు వంతు తిప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ చెయ్యి వేరెవరిదో అన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"నేను రోజు గిట్ల చేస్తున్ననా?" అని భార్యను అడిగాడు.

"వెల్డింగ్ నడిచిన రోజల్ల చేస్తవ్. నాలుగు గొట్టంగనే మళ్ల తిప్పుతవ్" అంది రషీదా బేగం. "నీ చెయ్యికి నువ్వు హుకుం ఇచ్చేదేమున్నది, అదే పోతది. నిద్రల గూడ గోడ మీద స్విచ్చు దేవులాడుతవ్."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఊపిరి తీసుకుంటున్నవని గూడ రోజు చెప్పాల్నా?"

ఖాదర్ నవ్వలేదు. ముఖం ఎర్రబడింది. చెయ్యి విడిపించుకోలేదు కానీ గొంతు పెంచాడు. "ఫేజు మారితె ఏమైతది? కరెంటు అయితె వస్తనే ఉన్నది గద. భూపాలపల్లి అడవిల స్తంభాలెక్కినోణ్ణి. తండా నుంచి వచ్చి నాకు ఫేజులు నేర్పుతవా?"

ఆ మాట తగలలేదని చెప్పను. తగిలింది. కల్యాణి దాన్ని పక్కన పెట్టి చెప్పాల్సింది చెప్పింది.

"మా తండాల మొదటి బుగ్గ మీ చేతి మీదనే వెలిగిందని మా నాయిన ధర్మా ఇప్పటికి చెప్తడు చాచా. కరెంటు సంగతి మీ దగ్గర నేర్చుకుంట. గీ డబ్బ సంగతి నాకెరుక. ముందు గది ఒక తీగ మీద, వెనక గది ఇంకో తీగ మీద ఉంటె ఒక డబ్బ మాట ఇంకో డబ్బకు అందదు. రెండు తీగలు కలిసేది ఏడ?"

ఖాదర్ తలెత్తి బోర్డు వైపు చూశాడు. లైన్‌మన్ బుర్ర లోపల పని చెయ్యడం మొదలైంది. "ట్రాన్స్‌ఫార్మర్ కాడ" అన్నాడు చివరికి. "అంటె గీ గదికెళ్లి గా గదికి మాట పోవాల్నంటె, ట్రాన్స్‌ఫార్మర్ దాక పోయి మళ్ల రావాలె."

"గంత దూరం పోయెసరికి దానికి శక్తి ఉండది."

"అంటె బుధవారం నేనే తెంపిన."

"తెల్వక చేసిండ్రు."

"నిన్న గూడ నేనే తెంపిన. తెంపి, నీ మీద కోపం చేసిన." కల్యాణి పట్టు వదలగానే ఖాదర్ చెయ్యి స్విచ్చు మీది నుంచి తీసి ఒడిలో పెట్టుకున్నాడు. ఆ చేతి మీద ఇంకో చెయ్యి వేసుకున్నాడు. ఇంటి నుంచి చేసే పని అయితేనే చెయ్యమని పట్టుబట్టింది ఆయనే. ఆ ఇంట్లో ఆ పనికి అడ్డం పడింది కూడా ఆయనే.

అంకెలు నూట తొంభైకి వచ్చాయి. ఫ్రిజ్జు ఈసారి గట్టిగా మూలిగింది.

"అయ్యో, ఫ్రిజ్జు కాలుతది" అని ఖాదర్ లేవబోయాడు.

రషీదా బేగం గ్లాసులు కింద పెట్టి లోపలికి వెళ్లి ప్లగ్గు పీకి వచ్చింది. "కాలది, కూసో. రెండు గంటల దాక బంద్ ఉంటె పాలు పగలయ్. ఫ్రిజ్జును ముప్పై ఏండ్లు కంటికి రెప్పలెక్క చూసుకున్నవ్. నన్ను గూడ గంత చూసుకోలే."

"ఓల్టేజి ఇంక పడుతది. నీ డబ్బ ఆగుతదా?" అన్నాడు ఖాదర్ కల్యాణితో.

"నూరు ఓల్టులకు పడినా ఆగదు చాచా. పని చేస్తనే ఉంటది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నది. భయపడకుండ్రి."

నమ్మకంగానే అంది. ఆ నమ్మకానికి పరీక్ష వెంటనే వచ్చింది. నూట ఎనభై. నూట డెబ్బై. ముందు గది ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. వెనక గది తలుపు సందులోంచి కనబడే వెలుగు కూడా పోయింది. ముగ్గురూ సాకెట్లో ఉన్న పెట్టె వైపు చూశారు. దాని మీది ఆకుపచ్చ దీపం చిన్నదే కానీ వెలుగుతోంది. లోపల చీకట్లో టైపు చేస్తున్న టపటప శబ్దం ఆగకుండా వినిపిస్తోంది.

"శాబాష్" అన్నాడు ఖాదర్. ఆ మాట పెట్టెతో అన్నాడో కల్యాణితో అన్నాడో.

కల్యాణి ఫోను తెరిచి లైను వేగం చూసింది. వెల్డింగ్ మిషను ఉన్న తీగ మీదే ఉండిపోయారు కాబట్టి దాని రొద కూడా తీగలోకి వస్తుంది. మామూలుగా తొంభై చూపించే అంకె నలభైకి, ఇరవైకి, పదకొండుకు దిగింది. ఆలియా పనికి నాలుగు చాలు. పదకొండు దగ్గర నిలబడింది. కల్యాణి ఊపిరి వదిలింది. అంకె ఎక్కడైనా మళ్లీ పడుతుందేమోనని తెరను వేలితో కిందికి జరిపింది.

అక్కడ ఈ తీగ మీద కలిసి ఉన్న పెట్టెల జాబితా ఉంది. ఇన్ని రోజులూ ఆమె పై అంకె ఒక్కటే చూసి ఫోను మూసేసింది.

జాబితాలో మూడు పెట్టెలున్నాయి.

ఆమె ఈ ఇంటికి తెచ్చింది రెండు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు ఖాదర్.

కల్యాణి జాబితాను మళ్లీ లెక్కపెట్టింది. ఏమైందో ఆమెకు అప్పుడే అర్థమైపోయింది. ఈ రకం పెట్టెలన్నీ తయారైన చోట నుంచి ఒకే తాళంచెవితో వస్తాయి. పెట్టిన రోజు రెండింటి మీదా ఒక బొత్తాం ఒత్తితే, ఆ ఇంటికి మాత్రమే పనికొచ్చే కొత్త తాళంచెవి తయారవుతుంది. ఆమె ఒత్తలేదు. సాకెట్లో పెట్టగానే రెండు దీపాలూ వెలిగాయి, పని అయిపోయిందనుకుంది. అదే రకం పెట్టె ఇదే ఫేజు మీద ఇంకెవరో పెట్టుకున్నారు. అదీ వచ్చి కలిసింది. అంటే ఈ లైను మీద పోయే రోగుల మాటలు ఆ ఇంటికీ అందే వీలుంది.

"ఈ ఫేజు మీద ఎన్ని ఇండ్లున్నయ్ చాచా?"

"ఈ వరుసల పదకొండు. ఎందుకు?"

చెప్పింది. దాచకుండా, బొత్తాం సంగతితో సహా చెప్పింది.

ఖాదర్ గడ్డం నిమురుకున్నాడు. "ఇప్పుడు ఒత్తు మరి."

"ఒత్తితె లైను నిమిషం సేపు తెగుతది. అది మూడోది అయితది."

"అయితె ఒత్తకు." ఆయన గొంతు తగ్గించాడు. "రెండు గంటలకు డ్యూటీ అయిపోతది. పరీక్ష అయిపోతది. గప్పుడు ఒత్తు. ఎవలకు తెలుస్తది?"

ఎవరికీ తెలియదు. కంపెనీ తన వైపు నుంచి వేరే తాళం వేసుకునే ఉంటుంది కూడా. ఆ మూడో ఇంటివాళ్లకు తాము ఇక్కడ కలిశామన్న సంగతే తెలిసి ఉండకపోవచ్చు. రెండున్నర గంటలు ఓపిక పడితే చాలు. కల్యాణి ఇవన్నీ ఆలోచించింది. ఆలోచించలేదంటే మీరు నమ్మరు. కానీ ఉద్యోగం ఆలియాది. కాగితం మీద సంతకం పెట్టింది ఆలియా. ఆగాలా వద్దా అన్నది ఆమెను అడగకుండా ఈ గదిలో తామిద్దరూ తేల్చడం ఏం న్యాయం?

వెళ్లి వెనక గది తలుపు కొట్టింది.

ఆలియా చెవుల మీది నుంచి హెడ్‌ఫోన్ తీసి తలుపు తెరిచింది. "అక్కా, డ్యూటీల ఉన్న. లోపటికి రావద్దు."

"రాను. గడపల్నే నిలబడి చెప్త." కల్యాణి మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. "రెండు గంటల దాక ఆగొచ్చు. ఆగితె పరీక్ష గెలుస్తవ్. తప్పు మాత్రం నాది. నువ్వు ఆగుమంటె ఆగుత. ఒత్తుమంటె ఒత్తుత."

ఆలియా వెనక్కి తిరిగి మసక వెలుగులో తెర వైపు చూసింది. తర్వాత తన చేతిలోని హెడ్‌ఫోన్‌ను చూసింది.

"ఇప్పుడు నేను ఇంటున్నది ఒక ఆమె సంగతి అక్కా. పేరు నేను చెప్పద్దు. తనకున్న బీమారి ఇంట్లోళ్లకు గూడ చెప్పలేదని డాక్టరుతోని అన్నదట. డాక్టరే నమ్మి నా చెవిల ఏసిండు." హెడ్‌ఫోన్ మెడలో వేసుకుంది. "నువ్వు ముందు గది డబ్బ కాడికి పో."

"ఆలోచించుకో జర."

"ఆలోచించిన. అబ్బాజాన్‌కు చెప్పు, స్విచ్చు ముట్టొద్దని."

ఆలియా కూర్చుని, కంపెనీలోని సూపర్‌వైజరు లతకు నాలుగు వరుసలు టైపు చేసింది. లైను మీద బయటి పెట్టె ఒకటి కనిపించిందని, దాన్ని బయటికి పంపడానికి తానే లైను తెంపుతున్నానని, దీన్ని మూడోదిగా లెక్క వేసుకున్నా ఫరవాలేదని రాసింది. పంపింది. లత జవాబు రాస్తున్నట్టు తెర మీద మూడు చుక్కలు కదిలాయి. ఆలియా ఆ జవాబు కోసం ఆగలేదు. వంగి సాకెట్లోని పెట్టె బొత్తాం ఒత్తింది.

ఆకుపచ్చ దీపం ఆరిపోయింది.

కల్యాణి ముందు గదిలోకి పరుగెత్తి రెండో పెట్టె బొత్తాం ఒత్తింది. దీపం మిణుకుమిణుకుమంది. ఖాదర్ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. రషీదా బేగం పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఇరవై సెకన్లు. నలభై. యాభై రెండో సెకనుకు దీపం నిలబడింది. కల్యాణి ఫోను చూసింది. జాబితాలో రెండు పెట్టెలే ఉన్నాయి.

"వచ్చింది" అని అరిచి వెనక గది గడప దగ్గరికి వచ్చేసరికి, ఆలియా తెర మీద లత పంపిన మాటలు చదువుతోంది. పైకే చదివింది.

"లైను తెగడం ఇక్కడ నమోదైంది. ఇది మూడోది. ఆ పెట్టెలు పెట్టినవాళ్లు పక్కనే ఉంటే కదలవద్దని చెప్పు. నేను, మా మేనేజరు ఇప్పుడే వీడియో కాల్ చేస్తున్నాం. ముందు వాళ్లతోనే మాట్లాడాలి."

ఆలియా తలెత్తి చూసింది. "అక్కా, నువ్వు పోయినవని చెప్పాల్నా?"

లాప్‌టాప్ మోగడం మొదలైంది.

కల్యాణి చెప్పులు గడప బయటే ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడలేదు. లోపలికి వచ్చి, స్టూలు జరుపుకుని, తెరకు ఎదురుగా కూర్చుంది. జడ వెనక్కి వేసుకుంది.

"ఎత్తు" అంది.